నక్షత్రం ఆరే క్షణాన్ని పట్టే కెమెరా: క్యూహెచ్‌వై 174 జీపీఎస్‌పై సమీక్ష

గ్రహశకలం ఒక నక్షత్రానికి అడ్డంగా వచ్చినప్పుడు ఆ నక్షత్రం కొన్ని సెకండ్ల పాటు కనుమరుగవుతుంది. ఎంతసేపు కనబడలేదో కొలిస్తే గ్రహశకలం పరిమాణం తెలుస్తుంది. ఎలా కనుమరుగైందో, అంటే ఒక్కపెట్టున ఆరిపోయిందా లేక క్రమంగా తగ్గుతూ ఆరిపోయిందా అన్నది కొలిస్తే నక్షత్రం పరిమాణమే తెలుస్తుంది. మొదటి కొలతను ఔత్సాహికులు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నారు. రెండవది ఎక్కువగా పెద్ద వేధశాలలకే దక్కుతూ వచ్చింది. శ్రీకాకుళంలో భౌతికశాస్త్రం బోధించే మేము కొందరం తలా కొంత వేసుకుని క్యూహెచ్‌వై 174 జీపీఎస్ అనే కెమెరాను తెప్పించుకున్నది ఆ రెండవ కొలత మీద ఆశతోనే. దానిని ఎనిమిది అంగుళాల టెలిస్కోపుకు బిగించి వాడుతూ వచ్చిన తరువాత, లక్ష రూపాయలు దాటే ఈ వస్తువును కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న కళాశాలల కోసం, ఖగోళ సంఘాల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. మా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ కెమెరా చెప్పే కాలాన్ని పూర్తిగా నమ్మవచ్చు. ఆ కాలం నుంచి నక్షత్ర వ్యాసం రాబట్టగలమా లేదా అన్నది మాత్రం ఏ నక్షత్రాన్ని ఎంచుకున్నాం, మనతో పాటు ఇంకెవరు ఎక్కడ నిలబడి చూశారు అన్న వాటిని బట్టి ఉంటుంది.

కెమెరా గుణదోషాలు అర్థం కావాలంటే దానికి అప్పగిస్తున్న పని ఎంత సూక్ష్మమైనదో తెలియాలి. నక్షత్రాల కోణీయ వ్యాసాన్ని మిల్లీ ఆర్క్‌సెకండ్లలో చెబుతారు. ఒక డిగ్రీని 36 లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం అది. రెండున్నర సెంటీమీటర్ల నాణేన్ని 5,000 కిలోమీటర్ల దూరంలో నిలబెడితే అది మన కంటి దగ్గర చేసే కోణం సుమారుగా అంతే ఉంటుంది. 1920 డిసెంబరులో మైకెల్సన్, పీస్ అనే శాస్త్రజ్ఞులు అమెరికాలోని మౌంట్ విల్సన్ 100 అంగుళాల టెలిస్కోపుకు 20 అడుగుల వ్యతికరణమాపకాన్ని (రెండు చోట్ల పట్టిన వెలుగును కలిపి సూక్ష్మ కోణాలను కొలిచే పరికరాన్ని) అమర్చి ఆర్ద్రా నక్షత్రాన్ని కొలిస్తే 47 మిల్లీ ఆర్క్‌సెకండ్లు వచ్చింది. సూర్యుడిని మినహాయిస్తే ఒక నక్షత్రం వ్యాసాన్ని కొలవగలగడం అదే మొదటిసారి. అదే ఆర్ద్రకు 2023 డిసెంబరు 12న లియోనా అనే గ్రహశకలం అడ్డు వచ్చింది. దక్షిణ ఐరోపా మీదుగా ఫ్లోరిడా, మెక్సికోల వరకు సాగిన ఆ సన్నని నీడ దారిలో నిలబడినవారికి ఆర్ద్ర ఒక్కసారిగా ఆరిపోలేదు, మసకబారి తిరిగి వెలిగింది. అంత పెద్ద బింబం ఉన్న నక్షత్రాలు ఆకాశంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. తక్కినవన్నీ ఒక మిల్లీ ఆర్క్‌సెకండుకు అటూ ఇటూగానో, అంతకంటే ఎంతో చిన్నగానో ఉంటాయి.

ఇక్కడే గ్రహశకలం చంద్రుడి కంటే మెరుగైన సాధనమవుతుంది. దూరంగా ఉన్న వస్తువు అంచును తాకుతూ వచ్చే వెలుగు వివర్తనం చెందడం, అంటే అంచు దగ్గర కొద్దిగా వంగి వ్యాపించడం వల్ల నీడ అంచు కత్తితో కోసినట్టు ఉండదు, పట్టీలు పట్టీలుగా ఉంటుంది. 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న చంద్రుడి విషయంలో ఈ పట్టీల కొలమానం సుమారు 10 మీటర్లు. 30 కోట్ల కిలోమీటర్ల దూరంలోని గ్రహశకలానికి అది సుమారు 270 మీటర్లు. అంటే దూరం దాదాపు 800 రెట్లు పెరిగినా పట్టీ 28 రెట్లే పెరిగింది, ఎందుకంటే అది దూరపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. నక్షత్ర బింబం ఆ దూరం దగ్గర ఆక్రమించే వెడల్పు మాత్రం దూరంతో పాటు 800 రెట్లూ పెరుగుతుంది. అందువల్ల చంద్రుడి అంచు వద్ద వివర్తనంలో కలిసిపోయి కనబడని చిన్న బింబం గ్రహశకలం అంచు వద్ద బయటపడుతుంది. నా దృష్టిలో ఈ పద్ధతిలోని అందమంతా ఈ ఒక్క లెక్కలో ఉంది, ఇంటర్ విద్యార్థి కూడా కాగితం మీద చేసి చూసుకోగలడు.

ఈ మాట కాగితం మీదే ఆగిపోలేదని 2018లో రుజువైంది. గామా కిరణాల కోసం కట్టిన వెరిటాస్ అనే నాలుగు 12 మీటర్ల దర్పణాల సముదాయం అమెరికాలోని ఆరిజోనాలో ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరి 22న 60 కిలోమీటర్ల ఇంప్రినెట్టా అనే గ్రహశకలం, మే 22న 88 కిలోమీటర్ల పెనెలోపి అనే గ్రహశకలం చెరో నక్షత్రాన్ని మరుగుపరిచినప్పుడు ఆ దర్పణాలు నీడ అంచులోని పట్టీలను నమోదు చేశాయి. మొదటి నక్షత్రం వ్యాసం 0.125 మిల్లీ ఆర్క్‌సెకండ్లుగా, రెండవది 0.094గా తేలాయి. మొదటిది 2,674 కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడి కంటే 11 రెట్ల వ్యాసంతో ఉన్న ఎరుపు దిగ్గజమని, రెండవది 700 కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడికి 2.17 రెట్లు ఉన్నదని లెక్క తేలింది. ఈ ఫలితాలు 2019లో ప్రచురితమయ్యాయి. కెమెరా కొనే ముందు మేము పదే పదే చదువుకున్నది ఈ అంకెలనే. 12 మీటర్ల దర్పణానికీ మా ఎనిమిది అంగుళాల టెలిస్కోపుకూ ఉన్న అంతరాన్ని ఏ కెమెరా పూడ్చలేదు. అయినా ఆ అంతరానికి ఇవతల, మన అందుబాటులో ఎంత మిగులుతుందన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు కెమెరా సంగతి. ఇందులో ఉన్నది సోనీ ఐఎంఎక్స్ 174 సెన్సర్. 1,920 నిలువు వరుసలు, 1,200 అడ్డు వరుసలు, ఒక్కొక్క పిక్సెల్ 5.86 మైక్రాన్లు. పూర్తి చిత్రాన్ని సెకనుకు 138 ఫ్రేముల వేగంతో తీయగలదు. మనకు కావలసిన నక్షత్రం చుట్టూ చిన్న భాగాన్ని మాత్రమే ఎంచుకుంటే ఆ వేగం ఇంకా పెరుగుతుంది. దీనికి ఉన్నది గ్లోబల్ షట్టర్, అంటే అన్ని వరుసలూ ఒకే క్షణంలో తెరుచుకుని ఒకే క్షణంలో మూసుకుంటాయి. చవకగా దొరికే చాలా కెమెరాలలో వరుస తరువాత వరుసగా చదివే పద్ధతి ఉంటుంది. అటువంటి వాటిలో చిత్రం పైభాగాన ఉన్న నక్షత్రానికీ కింది భాగాన ఉన్న నక్షత్రానికీ కాలం ఒకటి కాదు. గ్రహాల ఫొటోలకు ఆ తేడా పట్టదు గాని ఆచ్ఛాదనల, అంటే ఇలా నక్షత్రాలు మరుగుపడే ఘటనల లెక్కకు పడుతుంది.

అసలు విలువ మాత్రం లోపల అమర్చిన జీపీఎస్‌లో ఉంది. ప్రతి ఫ్రేములోని తొలి పిక్సెళ్లలోనే ఆ ఫ్రేము ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో ఉపగ్రహ కాలం ప్రకారం రాసిపెడుతుంది. గ్రహశకలం నీడ నేల మీద సెకనుకు 15 కిలోమీటర్లు పరుగెత్తే సందర్భంలో ఒక మిల్లీసెకండు తప్పు 15 మీటర్ల తప్పుతో సమానం. మొబైల్ హాట్‌స్పాట్ ద్వారా గడియారం సరిచేసుకున్న ల్యాప్‌టాప్‌ను నమ్ముకుంటే పదుల మిల్లీసెకండ్లు ఇట్టే జారిపోతాయి, అంటే వందల మీటర్లు. మేము రెండు టెలిస్కోపులను పక్కపక్కనే పెట్టి, ఒకదానికి ఈ కెమెరానూ రెండవదానికి కంప్యూటర్ గడియారం మీద నడిచే మామూలు కెమెరానూ తగిలించి, చంద్రుడి చీకటి అంచు వెనక్కు నక్షత్రాలు వెళ్లే క్షణాలను నమోదు చేసి చూశాం. మామూలు కెమెరా కాలానికీ జీపీఎస్ కాలానికీ మధ్య తేడా ప్రతి నక్షత్రానికీ ఒక్కోలా వచ్చింది. తేడా ఎప్పుడూ ఒకటే అయితే లెక్కలో సరిదిద్దవచ్చు, అది మారుతూ ఉంటే సరిదిద్దే దారి లేదు.

ఈ కాలం ఊరికే రాదు. కెమెరా లోపల ఒక చిన్న ఎల్‌ఈడీ దీపం ఉంది. దాని వెలుగు సాయంతో షట్టర్ తెరుచుకునే, మూసుకునే క్షణాలను జీపీఎస్ స్పందనతో సరిపోల్చి సరిచేసుకోవాలి. ఎక్స్‌పోజర్ మార్చినా, చిత్రం పరిమాణం మార్చినా ఆ సర్దుబాటును మళ్లీ చేయాలి. చీకట్లో, దోమల మధ్య, ఘటనకు కొన్ని నిమిషాల ముందు ఎక్స్‌పోజర్ మార్చాలని బుద్ధి పుడితే ఈ పని తప్పనిసరిగా గుర్తుండాలి. ఏ ఎక్స్‌పోజర్ వాడాలో ముందు రోజు రాత్రే అదే ఎత్తులో ఉన్న నక్షత్రం మీద తేల్చుకుని, సర్దుబాటు చేసి, తరువాత దేనినీ ముట్టుకోకపోవడం మా అలవాటు. వాడకం నేర్చుకోవడానికి ఓపిక కావాలి, ఆ ఓపిక లేనివారికి ఈ కెమెరాను నేను సూచించను.

ఇక ముఖ్యమైన ప్రశ్నకు వస్తాను: దీనితో ఏ నక్షత్రాల వ్యాసం కొలవవచ్చు? గ్రహశకలం 30 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండి, నీడ సెకనుకు 15 కిలోమీటర్ల వేగంతో సాగుతుందనుకుందాం. ఒక మిల్లీ ఆర్క్‌సెకండు వ్యాసం ఉన్న నక్షత్రం ఆ దూరం దగ్గర సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల వెడల్పుతో పరుచుకుంటుంది కనుక అది ఆరడానికి దాదాపు పదో వంతు సెకను పడుతుంది. సెకనుకు 100 ఫ్రేములు తీస్తే ఆ తగ్గుదల పది ఫ్రేములలో మెట్లు మెట్లుగా కనబడుతుంది, వ్యాసం చెప్పడానికి అది చాలు. అర మిల్లీ ఆర్క్‌సెకండు అయితే అయిదు ఫ్రేములు, కష్టపడితే చెప్పవచ్చు. 0.1 మిల్లీ ఆర్క్‌సెకండు దగ్గరకు వచ్చేసరికి బింబం వెడల్పు 150 మీటర్ల లోపే, అంటే వివర్తన పట్టీ కంటే చిన్నది. అంతా పది మిల్లీసెకండ్లలో ముగిసిపోతుంది. కెమెరా వేగాన్ని పెంచి ఆ పది మిల్లీసెకండ్లనూ ముక్కలు చేయవచ్చు గాని ఒక్కొక్క ముక్కలో పడే వెలుగు చాలదు, అదీ కాక గాలిలోని కదలికల వల్ల నక్షత్రం మినుకుమినుకుమనే తీరు ఆ కొద్ది సమయంలో అసలు సంకేతాన్ని మింగేస్తుంది. 12 మీటర్ల దర్పణానికి ఆ మినుకులు సగటుపడి తగ్గిపోతాయి, ఎనిమిది అంగుళాలకు తగ్గవు. అది వేధశాలల రాజ్యం.

కాబట్టి మనకు మిగిలేవి ఎరుపు దిగ్గజాలు. వాటి ఉపరితలం చల్లగా ఉంటుంది కనుక అదే ప్రకాశానికి తెల్లని నక్షత్రం కంటే వాటి బింబం ఎంతో పెద్దగా ఉంటుంది. ఎనిమిదో తరగతి ప్రకాశంతో, కంటికి కనబడనంత మసకగా ఉన్న ఎర్రని నక్షత్రం కూడా ఒక మిల్లీ ఆర్క్‌సెకండు దగ్గరకు చేరవచ్చు. మా టెలిస్కోపుతో ఆ ప్రకాశం వద్ద పది మిల్లీసెకండ్ల ఎక్స్‌పోజర్‌లోనూ లెక్కకు తగినంత సంకేతం దొరుకుతుంది. ఆచ్ఛాదనల జాబితా తెరవగానే అందరూ నక్షత్రం ప్రకాశం, అది కనబడకుండా ఉండే సమయం చూస్తారు. వ్యాసం కొలవాలనుకునేవారు వాటితో పాటు నక్షత్రం రంగును కూడా చూసుకోవాలి. జాబితాలో నీలి తెలుపు నక్షత్రాలు ఎక్కువ కనబడితే నిరాశపడవద్దు, వాటితో గ్రహశకలం ఆకారం కొలవడం కూడా విలువైన పనే.

గ్రహశకలం కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా కెమెరాను చంద్రుడితో సాధన చేయమని నా గట్టి సలహా. కృత్తికల వంటి తెల్లని నక్షత్రాలు చంద్రుడి చీకటి అంచు వెనక్కు వెళ్లేటప్పుడు ఒక ఫ్రేములో నిండుగా ఉండి, తరువాతి ఒకటి రెండు ఫ్రేములలోనే పూర్తిగా మాయమవుతాయి. వాటి బింబాలు చంద్రుడి దూరంలో ఒకటి రెండు మీటర్లకు మించవు మరి. జ్యేష్ఠ అలా కాదు. నలభైకి పైగా మిల్లీ ఆర్క్‌సెకండ్ల ఆ ఎర్రని నక్షత్రం చంద్రుడి దూరంలో దాదాపు 75 మీటర్ల వెడల్పుకు సమానం, ఆరడానికి పదో వంతు సెకను తీసుకుంటుంది. 2028 వరకు చంద్రుడు నెలనెలా జ్యేష్ఠను మరుగుపరుస్తూ వెళతాడు. వాటిలో మన జిల్లా నుంచి కనబడేవాటిని వెతికి పట్టుకుంటే, గ్రహశకలం లేకుండానే ఒక నక్షత్ర వ్యాసాన్ని విద్యార్థుల చేత కొలిపించవచ్చు. 1819లో జ్యేష్ఠ పక్కనున్న చిన్న తోడు నక్షత్రం మొదట కనబడింది కూడా చంద్రుడు ఇలా అడ్డు వచ్చినప్పుడే.

ఒక కెమెరాతో తీరని లోటు ఒకటుంది, అది కెమెరా తప్పు కాదు. గ్రహశకలం అంచు నీడ కదిలే దిశకు నిలువుగా ఉందో, ఏటవాలుగా ఉందో ఒక్క చోటి నుంచి చూస్తే తెలియదు. ఏటవాలు అంచు అయితే నక్షత్రం ఆరడానికి ఎక్కువ సమయం పడుతుంది, దాన్ని చూసి నక్షత్రం పెద్దదని పొరబడతాం. వెరిటాస్ వంటి చోట పట్టీల మధ్య దూరమే ఆ వాలును చెబుతుంది. పట్టీలు కనబడని మన వంటివారికి అంచు వాలు తెలియాలంటే నీడకు అడ్డంగా వేర్వేరు చోట్ల మనుషులు నిలబడి, గ్రహశకలం ఆకారాన్ని గీసుకోవాలి. 2017 జూలై 17న అర్జెంటీనాలో న్యూ హొరైజన్స్ అనే నాసా వ్యోమనౌక బృందం చేసింది ఇదే. ఆరోకోత్ అనే దూరపు చిన్న వస్తువు నీడను పట్టడానికి టెలిస్కోపులను వరుసగా నిలిపి, వాటికి ఈ క్యూహెచ్‌వై 174 జీపీఎస్ కెమెరాలనే బిగించారు. అయిదు టెలిస్కోపులు నక్షత్రం ఆరడాన్ని పట్టుకున్నాయి. వాటి కొలతల నుంచి గీసిన, రెండు తమ్మెలు కలిసినట్టున్న ఆకారం నిజమేనని 2019 జనవరి 1న వ్యోమనౌక దగ్గరగా వెళ్లినప్పుడు తేలింది.

మన ప్రాంతానికి ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది. గ్రహశకలాల నీడలు ఎక్కువగా తూర్పు పడమరల ధోరణిలో సాగుతాయి. ఇచ్ఛాపురం నుంచి పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఈశాన్యం నుంచి నైరుతికి వాలి ఉంది కనుక చాలా నీడలను అడ్డంగా కోస్తుంది. యాభై, అరవై కిలోమీటర్ల నీడ వచ్చినప్పుడు ఈ రహదారి వెంట తలా ఒక ఊరిలో నిలబడితే, విజయనగరం మిత్రులు ఇంకొక కొసన ఉంటే, మంచి కోతలు, అంటే గ్రహశకలం ఆకారాన్ని వేర్వేరు చోట్ల అడ్డంగా కోసే గీతలు దొరుకుతాయి. నీడ దారి అంచనా ఇప్పుడు అంతగా గురి తప్పదు. గయా ఉపగ్రహం నక్షత్రాల స్థానాలను కొలిచి ఇచ్చిన తరువాత ఈ లెక్కలు ఎంతో మెరుగుపడ్డాయి. దారులను చూపించే ఆకల్ట్, ఆకల్ట్ వాచర్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి, వాటికి తోడుగా వీడియో నుంచి వెలుగు వక్రరేఖ తీసే టాంగ్రా కూడా ఉచితమే. కెమెరాకు పెట్టిన ఖర్చు తరువాత సాఫ్ట్‌వేర్‌కు ఏమీ పెట్టనవసరం లేకపోవడం చిన్న విషయం కాదు.

మన వాతావరణంలో దీని పనితీరు గురించి కొంత చెప్పాలి. కళింగపట్నం వంటి తీరంలో రాత్రి తేమ విపరీతం, లెన్సు మీద మంచు పట్టడం మొదలైతే ఎంత మంచి కెమెరా అయినా చేసేదేమీ లేదు. కాబట్టి టెలిస్కోపు మూతికి మంచును ఆపే గొట్టం, వెచ్చదనమిచ్చే పట్టీ తప్పనిసరి. కెమెరాలోని శీతలీకరణ దూరపు నిహారికల ఫొటోలకు ఉపయోగపడుతుంది గాని పది మిల్లీసెకండ్ల ఎక్స్‌పోజర్లకు దాని అవసరం దాదాపు లేదు. దాన్ని ఆపేస్తే 12 వోల్టుల బ్యాటరీ మీద భారం తగ్గుతుంది, తేమ బెడదా తగ్గుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఇక్కడి ఆకాశం అనుకూలం, వర్షాకాలంలోనూ తుపానుల నెలల్లోనూ పెట్టె తెరవనక్కరలేదు. పూర్తి చిత్రాన్ని పూర్తి వేగంతో తీస్తే సెకనుకు 300 మెగాబైట్లకు పైగా సమాచారం వస్తుంది. పాత ల్యాప్‌టాప్ దాన్ని మింగలేక ఫ్రేములను వదిలేస్తుంది కనుక ఎస్‌ఎస్‌డీ ఉన్న యంత్రం ఉండాలి, చిన్న భాగాన్నే ఎంచుకుని తీయాలి. వదిలిన ఫ్రేము ఏదో కాలముద్ర చూస్తే తెలిసిపోవడం ఈ కెమెరా చేసే పెద్ద మేలు. కొత్తగా వచ్చిన కొన్ని సెన్సర్లలో చదివేటప్పటి రొద, అంటే చిత్రాన్ని చదివేటప్పుడు సెన్సరే కలిపే అనవసర సంకేతం, దీనికంటే తక్కువ. మసక నక్షత్రాల వద్ద ఆ తేడా తెలుస్తుంది గాని, వ్యాసం కొలవడానికి మనం ఎంచుకునే నక్షత్రాలు కాస్త ప్రకాశవంతమైనవే కనుక నేను దానిని పెద్ద లోపంగా లెక్కించను.

క్షణాలను లెక్కపెట్టే పని ఉత్తరాంధ్రకు కొత్తది కాదు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటినప్పుడు విశాఖపట్నంలోని గోడే వారి వేధశాల నుంచి అంకితం వెంకట నరసింగరావు గారు ఆ సంక్రమణాన్ని పరిశీలించారు. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డు వచ్చినప్పుడు తమిళనాడులోని కావలూరులో, నైనితాల్‌లో మనవాళ్లు ఆ నక్షత్రపు వెలుగును నమోదు చేశారు. యురేనస్ వలయాలు బయటపడిన సందర్భం అదే. కావలూరులో అప్పుడు వాడినది ఒక మీటరు టెలిస్కోపు. పెద్ద దర్పణం లేకున్నా కాలాన్ని జాగ్రత్తగా రాసుకుంటే ఎంత దూరం పోవచ్చో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

చంద్రుడి గుంటలు, గురుడి పట్టీలు ఫొటో తీయడమే కోరిక అయితే ఇంత పెట్టవద్దు, అందులో మూడో వంతు ధరకు మంచి కెమెరాలు ఉన్నాయి. ఒంటరిగా, ఇంటి మేడ మీద నుంచే చూడాలనుకునేవారికీ దీని విలువలో సగమే దక్కుతుంది, ఎందుకంటే నీడ మన మేడ మీదుగా రావడం అరుదు, వచ్చినా ఒక్క కోతతో నక్షత్ర వ్యాసం తేలదు. డిగ్రీ కళాశాలలు, రెండు మూడు ఊళ్ల ఉపాధ్యాయులు కలిసి నడిపే ఖగోళ సంఘాలు మాత్రం నిస్సంకోచంగా తీసుకోవచ్చు. అటువంటివారు పెద్ద టెలిస్కోపు కోసం డబ్బు దాచడం కంటే ఇటువంటి కెమెరాలు రెండు సమకూర్చుకోవడం మేలు. మా వద్ద మళ్లీ కొంత పోగైతే మేము కొనబోయేది ఇదే రకపు రెండవ కెమెరా. అది పలాసలో ఉంటుంది.